ఇంట్లో మొదటి కాలేజీ చదువు: స్కాలర్‌షిప్‌లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల తెలుగు ఇళ్ళ నుంచి వచ్చినవే. రాసినవాళ్ళందరి మాటా దాదాపు ఒకటే: మా ఇంట్లో డిగ్రీ దాకా పోయినవాళ్ళు లేరు, ఎవరిని అడగాలో తెలియదు. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ, అందుకని ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాం. పథకాల మొత్తాలు, గడువులు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టేముందు పోర్టల్‌లో ఆ ఏటి నోటీసు తప్పక చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి సైన్స్ రాసింది. నేను ఏడు వరకు చదివాను, వాళ్ళమ్మ బడికే పోలేదు. మాది ఎస్సీ కుటుంబం, రెండెకరాల చేను ఉంది. ఒకరు మహాడీబీటీ అంటారు, ఇంకొకరు ఎన్‌ఎస్‌పీ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (కిన్వట్)

మహాడీబీటీ మహారాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్, ఎన్‌ఎస్‌పీ కేంద్రానిది. అయినా పోర్టల్ తర్వాత, ముందు కాగితాలు. ఫలితాలు వచ్చాక తిరగడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం అవుతుంది. తహసీల్ ఆఫీసులో, పత్రాలకు దరఖాస్తులు పెట్టే సేతు కేంద్రంలో అందరూ ఆ నెలలోనే వరస కడతారు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునేది కుల పడతాళణి పత్రం, అంటే వ్యాలిడిటీ. మీ కుల పత్రం నిజమైనదేనని కమిటీ పరిశీలించి ఇచ్చేది. దాని సంగతి కింద రాజురా పాఠకుడి ప్రశ్నలో వివరంగా రాశాం. పదకొండులోనే దరఖాస్తు పెట్టి ఉండకపోతే ఇవాళే అమ్మాయి చదివిన జూనియర్ కాలేజీకి వెళ్ళి, దానికి కావలసిన ఉత్తరం తీసుకోండి. తర్వాతది ఆదాయ పత్రం. తలాఠి, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, ఇచ్చే రిపోర్టుతో తహసీల్దార్ ఇస్తారు. దీన్ని ఏప్రిల్ ఒకటి దాటాకే తీసుకోండి. ఫిబ్రవరిలో తొందరపడి తీసుకున్నది మార్చి 31తో ముగుస్తుంది, జూలైలో ఫారం వెనక్కి వస్తుంది. డొమిసైల్, అంటే స్థిర నివాస పత్రం, ఒకసారి తీస్తే చాలు. ఎల్‌సీ, అంటే మనం టీసీ అనేది, అసలు కాగితం కాలేజీకి ఇచ్చేముందు నాలుగు జిరాక్సులు తీసి, ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

ఇక పోర్టల్ సంగతి. మీ అమ్మాయికి ముఖ్యమైనది మహాడీబీటీయే. అందులో పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చే భారత ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీ కుటుంబానికి ఏడాది ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. ఫీజుతో పాటు ఖర్చులకు భత్యం వస్తుంది. 2021లో సవరించిన లెక్క ప్రకారం బీఎస్సీ, బీఏ లాంటి మామూలు డిగ్రీకి హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000, ఇంటి నుంచి పోతే 3,000 రూపాయలు. ఇంజనీరింగ్, వైద్యం లాంటి వృత్తి డిగ్రీలకైతే 13,500, 7,000.

ఈ భత్యంతో నాందేడ్‌లో గది అద్దె కట్టలేరు. అందుకని సాంఘిక సంక్షేమ శాఖ వసతిగృహానికి తప్పకుండా దరఖాస్తు పెట్టండి. సీటు రాలేదంటే నిరాశపడకండి. ఆ జాబితాలో సీటు దొరకని ఎస్సీ పిల్లల కోసమే స్వాధార్ యోజన ఉంది. చదివే ఊరిని బట్టి ఏడాదికి 43,000, 51,000 రూపాయల మెట్లున్నాయి. ముంబై, పుణె, నాగ్‌పూర్ లాంటి చోట్ల 60,000. హాస్టల్‌కు అసలు దరఖాస్తే పెట్టనివాళ్ళు దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఎలాగూ రాదులే అని మొదటి మెట్టు వదిలేస్తే రెండోదీ పోతుంది. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు.

ఎన్‌ఎస్‌పీలో కేంద్రం ఇచ్చే మరో స్కాలర్‌షిప్ అన్ని కులాలకూ ఉంది: డిగ్రీ మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, పీజీకి 20,000. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. దీనికి 80 పర్సెంటైల్ కావాలి. దాన్ని 80 శాతం మార్కులు అనుకొని చాలామంది వదిలేస్తున్నారు. బోర్డులో ఆ విభాగం రాసిన ప్రతి వంద మందిలో పైనున్న ఇరవై మందిలో మీ పిల్ల ఉండాలని అర్థం. మార్కులు 80 శాతం కంటే తక్కువైనా ఆ గీత దాటవచ్చు. అయితే ఇది, పోస్ట్ మెట్రిక్ రెండూ కలిపి తీసుకోకూడదు. మీ అమ్మాయి విషయంలో ఫీజు కూడా కలుస్తుంది కాబట్టి పోస్ట్ మెట్రిక్కే మేలు.

మహాడీబీటీలో ఒక్కో ఫైల్ 256 కేబీ దాటితే ఎక్కదు. ఫోన్‌తో తీసిన ఫోటోను సేతు కేంద్రంలో మరీ కుదించి పెడితే అక్షరాలు కనబడక కాలేజీ గుమాస్తా వెనక్కి పంపుతారు. కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, నాలుగు అంచులూ కనబడేలా తీసి, కుదించాక ఒకసారి పెద్దది చేసి చదివి చూడండి. తహసీల్దార్ ముద్ర, బార్‌కోడ్ నంబర్ చదవగలిగితే చాలు. దరఖాస్తు పంపాక కాలేజీలో, తర్వాత శాఖలో పరిశీలిస్తారు. ఎక్కడ లోపం కనబడినా విద్యార్థి లాగిన్‌కు తిరిగి పంపుతారు. ఎస్సెమ్మెస్ వస్తుందని ఎదురుచూడకుండా వారానికొకసారి లాగిన్ చేసి చూడండి. వెనక్కి వచ్చిన ఫారంను గడువులోగా సరిచేయకపోతే ఆ ఏడాది పోయినట్టే.

ఇంకొక మాట మనసులో పెట్టుకోండి. ఫీజు భాగం కూడా అమ్మాయి ఖాతాలోనే పడవచ్చు. అది ఇంటి డబ్బు కాదు, కాలేజీ డబ్బు. ఖరీఫ్ విత్తనాల వేళ పడితే చేయి అటు పోతుంది, ఆ తర్వాత కాలేజీ బకాయి కింద మార్కుల మెమో ఆపుతుంది. సొమ్ము పడిన వారంలోనే కట్టి రసీదు తీసుకోండి.

ప్రశ్న: నేను పద్మశాలి. ఇంజనీరింగ్‌లో చేరాలి. వ్యాలిడిటీకి తాతల నాటి కాగితం అడుగుతున్నారు. తాత చదువుకోలేదు, నాన్న నాలుగో తరగతి. వరంగల్‌లో ఉన్న మేనత్త కుటుంబం దగ్గర బీసీ పత్రం ఉంది. అది పనికొస్తుందా? (రాజురా)

మేనత్త ఇంటి పత్రం పనికిరాదు, రెండు కారణాలున్నాయి. ఒకటి, అది వేరే రాష్ట్రం ఇచ్చింది. పద్మశాలీలు తెలంగాణలో బీసీ-బీ, మహారాష్ట్రలో ఎస్‌బీసీ (ప్రత్యేక వెనుకబడిన వర్గం). రెండు, వ్యాలిడిటీ కమిటీ చూసేది తండ్రి వైపు రక్త సంబంధం. మేనత్త పెళ్ళికి ముందు చదివిన బడి రిజిస్టర్‌లో మీ తాత పేరు, కులం రాసి ఉంటే అది మాత్రం బంగారం లాంటి ఆధారం.

ఎస్‌బీసీ, ఓబీసీ వాళ్ళకు 1967 అక్టోబర్ 13కు ముందు మీ వంశం ఇక్కడ ఉన్నట్టు, కులం ఇదేనన్నట్టు చూపాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబర్ 21. కుటుంబంలో తండ్రి వైపు ఎవరికైనా, అంటే అన్నకు, చిన్నాన్నకు, పెదనాన్న కొడుక్కు, ముందే వ్యాలిడిటీ వచ్చి ఉంటే దాని నకలు, వంశావళి అఫిడవిట్ పెట్టండి. పని చాలా తేలికవుతుంది. కుటుంబంలో మొదట తీసుకునేవాళ్ళకే ఇంత తిప్పట.

చదువుకోని తాత విషయంలో బడి రిజిస్టర్ దొరకదు. అప్పుడు వెతకాల్సినవి రెండు. ఒకటి జనన మరణాల పుస్తకం, మన వైపు కోత్వాల్ బుక్ అంటారు. మీ నాన్న, మేనత్తలు, చనిపోయిన పిల్లలతో సహా ఎవరు పుట్టినా తండ్రి పేరు పక్కన కులం రాసేవాళ్ళు. రెండు, భూమి కాగితం. సొంత భూమి లేకపోయినా కౌలుదారుగా పేరు ఉండవచ్చు.

వీటిని ఎక్కడ వెతకాలో రాజురా, కిన్వట్ వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఈ రెండు తాలూకాలూ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. కిన్వట్ నాందేడ్‌లో నిలిచిపోయింది. రాజురా కొన్నాళ్ళు నాందేడ్‌లో ఉండి 1959లో చంద్రపూర్‌లో కలిసింది. కాబట్టి మీ తాత పేరున్న పుస్తకం రాజురా తహసీల్‌లో లేదన్నారంటే అసలు లేదని కాదు. తహసీల్ నుంచి 'రికార్డు దొరకలేదు' అని రాతపూర్వకంగా తీసుకొని, చంద్రపూర్, నాందేడ్, ఆదిలాబాద్ కలెక్టరేట్ల రికార్డు గదుల్లో నకలు కోసం దరఖాస్తు చేయండి. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు, అడగండి. ఆనాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. నకలుతో పాటు మరాఠీ అనువాదం కూడా జతచేస్తే కమిటీలో కాలయాపన తగ్గుతుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఉర్దూ రికార్డులో 'సాలె', బడిలో 'పద్మశాలి', ఇంకోచోట 'తెలుగు సాలి' అని ఉంటే విజిలెన్స్ విచారణ అధికారి అడుగుతారు. మూడూ ఒకే కుటుంబానివని వంశావళిలో ఒక్కొక్క మనిషి పేరు పక్కన ఆధారం నంబర్ వేసి చూపించండి. కాగితాల కట్ట పడేసి, వాళ్ళే చూసుకుంటారులే అనుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయికి వరంగల్ ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు ఇస్తామంటున్నారు. మా ఊరి నుంచి చంద్రపూర్ కంటే అటే దగ్గర, భాషా మనదే. ఎస్సీ కాబట్టి ఫీజు తెలంగాణ ఇస్తుందని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా? (సిరోంచా)

నిజం కాదు. తెలంగాణ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ఆ రాష్ట్రం వాళ్ళకు. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం వస్తుంది కానీ మీ కుల ధృవీకరణ మాత్రం దాటి రాదు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా ఉన్నవాళ్ళు ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడి రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. పోస్ట్ మెట్రిక్ నియమం కూడా ఇంతే: విద్యార్థి ఎక్కడ చదివినా, స్థిరంగా ఉండే సొంత రాష్ట్రమే డబ్బు ఇవ్వాలి. అంటే మీరు అడగాల్సింది మహారాష్ట్రను. అది కూడా అన్ని కోర్సులకూ, అన్ని సీట్లకూ వర్తించదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఆశ పెట్టుకోవద్దు.

చేరకముందే గడ్చిరోలి సాంఘిక సంక్షేమ సహాయ కమిషనర్ కార్యాలయానికి కాలేజీ పేరు, కోర్సు, సీటు ఏ కోటాదో రాసి ఇవ్వండి. ఈ సీటుకు స్కాలర్‌షిప్ వస్తుందా అని లిఖితంగా అడిగి జవాబు తీసుకోండి. జవాబు లేకుండా అడ్వాన్స్ కట్టకండి. ఏజెంట్ మాటకు రసీదు ఉండదు.

ఎన్‌ఐటీ వరంగల్ లాంటి కేంద్ర సంస్థ అయితే లెక్క వేరు. అక్కడ మహారాష్ట్ర ఎస్సీ పత్రం చెల్లుతుంది, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు మాఫీ ఉంది. దానికి జేఈఈ రాయాలి.

ప్రశ్న: స్కాలర్‌షిప్ మంజూరైందని మూడు నెలలుగా చూపిస్తోంది. బ్యాంకుకు పోతే రాలేదంటున్నారు. (ధర్మాబాద్)

మీరు ఫారంలో రాసిన ఖాతా నంబర్‌కు డబ్బు పోదు. ఆధార్‌తో చివరగా కలిపిన బ్యాంకుకే పోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ చేసి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూడండి. ఊళ్ళో శిబిరం పెట్టినప్పుడు వేలిముద్ర వేసి తెరిచిన పోస్టాఫీసు ఖాతా పేరు అక్కడ కనబడవచ్చు. అలా కనబడితే మీ డబ్బు అందులోనే ఉంటుంది. సీడింగ్ 'ఇనాక్టివ్' అని ఉంటే బ్యాంకులో ఫారం ఇచ్చి మళ్ళీ చేయించండి. ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడడం) కోసం బ్యాంకుల చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐలో ఆధార్‌ను నమోదు చేసే సీడింగ్ వేరు. బ్యాంకులో 'ఆధార్ లింక్ ఉంది' అన్నంత మాత్రాన ఆగకండి, డీబీటీ సీడింగ్ అని స్పష్టంగా అడగండి.

పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే నిల్వ 50,000, ఏడాదిలో జమ లక్ష దాటకూడదు. పెద్ద మొత్తం వస్తే వెనక్కి పోతుంది. కేవైసీ పూర్తి చేయించండి. మహాడీబీటీలో మంజూరు తర్వాత విద్యార్థి లాగిన్ నుంచి 'రిడీమ్' నొక్కాల్సి వస్తుంది. అది నొక్కకుండా ఎదురుచూసేవాళ్ళూ ఉన్నారు, అదీ చూసుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే పేరు చూడండి. తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మహారాష్ట్ర బోర్డులో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ ఉంటాయి. ఆధార్‌లో 'గడ్డం రాజు', పదో తరగతి మెమోలో 'గడ్డం రాజు మల్లయ్య', బ్యాంకులో 'జి. రాజు' అని ఉంటే యంత్రానికి ముగ్గురు మనుషులు. మెమోను మార్చడం కష్టం. అందుకని మెమోను ప్రమాణంగా పెట్టుకొని మిగతావి దాని ప్రకారం మార్చండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి మార్చేరోజు ప్రతి అక్షరమూ మెమోతో పోల్చి చూసుకోండి.

ప్రశ్న: మా సంఘం తరఫున ఏటా పది మంది పిల్లలకు ఐదేసి వేలు ఇస్తున్నాం. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళను ఎంచి, సభలో సన్మానం చేస్తాం. తీసుకున్నవాళ్ళలో కొందరు మొదటి ఏడాదే చదువు మానేశారు. అమెరికాలో హిస్పానిక్ పిల్లలకు ఇలాంటి నిధులు చాలాకాలంగా నడుస్తున్నాయని విన్నాం. వాళ్ళు ఏం చేస్తారు, మేము ఏం మార్చుకోవాలి? (దెగ్లూర్)

చాలా మంచి ప్రశ్న. ఇలాంటి సంఘాలు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తున్నాం.

హిస్పానిక్ అంటే మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, మధ్య అమెరికా వంటి స్పానిష్ మాట్లాడే నేలల మూలాలున్న కుటుంబాలు. వాటిలో పొలాల్లో, కట్టడాల్లో, వంటశాలల్లో పనిచేసే తల్లిదండ్రులు చాలామంది. అక్కడి విద్యా చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో ఎవరికీ నాలుగేళ్ళ డిగ్రీ లేకపోతే ఆ బిడ్డను మొదటి తరం విద్యార్థిగా లెక్కిస్తారు.

అక్కడ పేద విద్యార్థికి అసలు ఆధారం ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్. 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు. అది రావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి. అందులో తల్లిదండ్రుల పన్ను లెక్కలు, ప్రభుత్వ గుర్తింపు నంబర్లు అడుగుతారు. ఇంగ్లీషు రాని, లేదా తమ వలస కాగితాల గురించి భయపడే తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు. మన దగ్గర ఆదాయ పత్రం, వ్యాలిడిటీ ఎలాంటి గోడో అక్కడ ఫాఫ్సా అలాంటి గోడ. అందుకే మంచి నిధులన్నీ ఫారం దగ్గరే పని మొదలుపెడతాయి.

1975లో మొదలైన హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ ఒక్కో విద్యార్థికి 500 నుంచి 5,000 డాలర్లు ఇస్తూ వచ్చింది. అక్కడి ఫీజుల ముందు అది చిన్న మొత్తమే. దాంతో పాటు మార్గదర్శి, ఉద్యోగ సలహా, తల్లిదండ్రులకు స్పానిష్‌లో కూడా సమావేశాలు ఇస్తుంది. లూలాక్ అనే పాత హిస్పానిక్ సంస్థ దారి వేరు: ఊళ్ళోని శాఖ పోగుచేసిన డబ్బుకు కంపెనీల విరాళం జతకలుపుతుంది. మీ సంఘం పరిమాణానికి దగ్గరగా ఉండేది ఇదే.

హిస్పానిక్ పిల్లలకే అని కాకపోయినా వాళ్ళు ఎక్కువగా వాడుకున్న ప్రభుత్వ కార్యక్రమాలు మూడు చెప్పుకోవాలి. 1964 నాటి చట్టంతో పుట్టిన అప్‌వర్డ్ బౌండ్ హైస్కూల్లోనే పిల్లల్ని పట్టుకొని, వేసవిలో కాలేజీ ఆవరణలో ఉంచి చదివిస్తుంది. చేర్చుకునేవాళ్ళలో కనీసం మూడింట రెండొంతులు పేదలూ, మొదటి తరం వాళ్ళూ అయ్యుండాలి. 1968 నుంచి ఉన్న స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ కాలేజీ లోపల ట్యూటర్‌ను, సలహాదారును ఇస్తుంది. మూడోది మనకు బాగా దగ్గరగా ఉంటుంది: 1972 నాటి క్యాంప్ కార్యక్రమం. వలస, సీజనల్ వ్యవసాయ కూలీల పిల్లలకు, లేదా స్వయంగా ఆ పని చేసే పిల్లలకు ఇది. గత 24 నెలల్లో 75 రోజులు ఆ పని చేసి ఉండాలి. సాయమంతా డిగ్రీ మొదటి ఏడాదికే: ఫీజు, నెల ఖర్చు, ట్యూషన్, సలహా. మొదటి ఏడాది గట్టెక్కిన పిల్ల తర్వాత వేరే సాయాలు తనే వెతుక్కోగలదు. మానేసేవాళ్ళు ఎక్కువగా మొదటి ఏడాదే మానేస్తారు. మీ సంఘంలో జరిగిందీ అదే.

1981లో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో, చాబో కాలేజీలో పుట్టిన పుయెంతె ప్రాజెక్టులో నగదు కంటే మనుషులు ముఖ్యం. ఒక రాత తరగతి, అందులో తమ సమాజపు రచనలు. పిల్లలతో పాటు నడిచే ఒకే కౌన్సెలర్. ఊళ్ళో ఉద్యోగం చేసే తమవాళ్ళలో ఒక మార్గదర్శి. అంతే.

అక్కడ జరిగే పొరపాట్లూ తెలుసుకోవాలి. సీటు వచ్చి, స్కాలర్‌షిప్ వచ్చి, కాలేజీ తెరిచే రోజుకు కొందరు పిల్లలు కనబడరు. మధ్యలోని రెండు మూడు నెలల్లో హాస్టల్ డిపాజిట్, వైద్య పత్రం, ఫీజు గడువు లాంటి చిన్న చిన్న వాటి దగ్గర జారిపోతారు. దీన్ని అరికట్టడానికి వేసవంతా ఫోన్లు, మెసేజ్‌లు చేస్తారు. రెండో చిక్కు: బయటి నిధి ఇచ్చినంత మేర కాలేజీ తన సాయాన్ని తగ్గించుకోవడం. మేరీలాండ్ రాష్ట్రం 2017లో తన ప్రభుత్వ కాలేజీల్లో దీనికి చట్టంతో అడ్డుకట్ట వేసింది.

ఇక మీ సంఘం సంగతి. ఎంపికలో మార్కులను పక్కకు జరపండి. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ డిగ్రీ లేదు, పిల్ల పాసైంది, కాలేజీలో సీటు ఉంది: ఈ మూడూ ఉంటే చాలు. టాపర్‌కు వేరేచోట్ల దొరుకుతుంది. 55 శాతంతో పాసై, ఇంట్లో ఎవరూ చదవని పిల్ల దగ్గరే మీ ఐదు వేలు బతుకు మారుస్తాయి.

సభ కోసం డబ్బు ఆపకండి. జూన్, జూలైలో అడ్మిషన్ వేళ చేతిలో లేని డబ్బు జనవరి 26న శాలువాతో వస్తే ఆ మధ్య ఇల్లు నూటికి మూడు, నాలుగు వడ్డీకి తెచ్చి ఉంటుంది. సభ తర్వాత పెట్టుకోండి. ఇప్పుడు మీరు ఖర్చు చేస్తున్న 50,000తోనే ఆరుగురికి ఎనిమిదేసి వేలు ఇవ్వవచ్చు: చేరేటప్పుడు 3,000, దీపావళి తర్వాత హాజరు చీటీ చూసి 2,000, పరీక్ష ఫీజుకు ముందు 3,000. మిగిలిన 2,000 ఫోన్లకు, జిరాక్సులకు. పది మంది పేర్లు ఆరు అయ్యాయని ఎవరైనా నిలదీస్తే, రెండో ఏడాదిలో ఎంతమంది మిగిలారో చూపించండి.

ముగ్గురు పిల్లలకు ఒక పెద్దమనిషిని అప్పగించండి. టీచరో, బ్యాంకు ఉద్యోగో, డిగ్రీ చదువుతున్న అక్కో ఎవరైనా సరే. మే నుంచి అక్టోబర్ వరకు పదిహేను రోజులకొకసారి ఫోన్ చేసి నాలుగే అడగాలి: మహాడీబీటీ ఫారం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? హాస్టల్ సంగతి ఏమైంది? హాజరు ఎంత? ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు? 'అంతా బాగుంది' అన్న జవాబును ఒప్పుకోవద్దు, ఫారం స్థితి స్క్రీన్ ఫోటో పంపమనండి. తల్లిదండ్రుల్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి. ఫీజు డబ్బు ఇంటి ఖర్చుకు వాడకూడదన్న మాట సంఘం పెద్దల నోట వస్తే వింటారు.

అమెరికాలో వచ్చిన రెండో చిక్కు మన దగ్గరా ఉంది. పోస్ట్ మెట్రిక్ తీసుకునే విద్యార్థి ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. కానీ పుస్తకాలకు, పరికరాలకు, తిండి వసతులకు ఎవరైనా చేసే సాయం మీద అభ్యంతరం లేదు. కాబట్టి మీ సాయం నిజంగా వాటికే ఇవ్వండి, మంజూరు ఉత్తరంలో 'పుస్తకాలు, వసతి ఖర్చులకు సాయం' అని రాయండి. సంఘం మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం, 1950 కింద నమోదై ఉంటే కంపెనీల దగ్గర విరాళం అడగడం సులువు. నమోదు కాకపోతే జిల్లా ధర్మాదాయ కార్యాలయంలో మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను బీఏ మొదటి ఏడాది అమ్మాయిని. లాగిన్ చేసినప్పుడల్లా ఓటీపీ నాన్న ఫోన్‌కు పోతుంది. అమ్మానాన్నలు మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోతారు, అక్కడ ఫోన్ కలవదు. (అంకీసా, సిరోంచా తాలూకా)

నాన్న ఊళ్ళో ఉన్నప్పుడే ఇద్దరూ ఆధార్ సేవా కేంద్రానికి వెళ్ళండి. నీ ఆధార్‌కు నీ నంబర్ ఎక్కించుకో. దీనికి కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. అదే రోజు బ్యాంకు ఖాతాలో కూడా నంబర్ మార్పించు. ఆ సిమ్ ప్యాక్ అయిపోయి ఆగిపోకుండా చూసుకో. నంబర్ రద్దయి వేరేవాళ్ళకు వెళ్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

వాళ్ళు బయలుదేరేముందు ఇంకో మూడు పనులు చేయించు. ఆదాయ పత్రం ఏప్రిల్ తర్వాతే తీయాలి కాబట్టి, నాన్న సంతకాలు పెట్టిన స్వయం ఘోషణ పత్రాలు రెండు, రేషన్ కార్డు, నాన్న ఆధార్ నకలు నీ దగ్గర ఉంచుకో. తలాఠి ఎవరో, ఏ రోజు ఊళ్ళో ఉంటారో కనుక్కో. కాలేజీ స్కాలర్‌షిప్ గుమాస్తాకు నీ కొత్త నంబర్ రాసి ఇవ్వు. బస్సులో కాలేజీకి పోతుంటే ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) డిపోలో విద్యార్థి పాస్ తీసుకో, ఛార్జీలో మూడో వంతే కడతావు. దానికి కాలేజీ ముద్ర వేసిన ఫారం కావాలి, నెల మొదటి వారంలో వెళ్తే వరస తక్కువ ఉండదు, పదో తేదీ దాటాక వెళ్ళు.